యంత్రమునకు ఏ భాష వచ్చును?

ఈ సంవత్సరము మన పాఠశాలకు వచ్చిన తల్లిదండ్రులలో పలువురు మమ్ము ఒకే సంగతి అడిగిరి. తమ బిడ్డ చిన్న తరగతులన్నియు తెలుగు మాధ్యమమున చదివెను. ఇంగ్లీషున వెనుకబడి యున్నాడు. కంప్యూటరుచేత పని చేయించు విద్య, అనగా ప్రోగ్రాములు వ్రాయు విద్య, అట్టివానికి అబ్బునా? కొందఱు అడుగకయే జవాబు నిశ్చయించుకొని వచ్చిరి. బడంగ్‌పేటనుండి దిల్‌సుఖ్‌నగరు వఱకు బస్సులో పోవువారికి శిక్షణాలయముల బోర్డులు కనబడుచునే యుండును. ఆ బోర్డులమీద కంప్యూటరు భాషల పేర్లు మందుల దుకాణములోని సీసాలవలె వరుసగా నిలిచి యుండును. అవి చూచిన తండ్రి, ఇంటి అద్దెలో సగము ఖర్చయినను సరే, బిడ్డకు ముందు ఇంగ్లీషు, పిమ్మట ఆ భాషలలో ఒకటి నేర్పింపవలెననుకొనును. అంత సొమ్ము లేనివాడు ఆ విద్య మనవంటివారిది కాదని ఊరకుండును. ఈ రెండవ తండ్రినిగూర్చియే మాకు దిగులు.

కావున మా అభిప్రాయమును దాచక చెప్పెదము. యంత్రమునకు ఇంగ్లీషు రాదు. మొదట రాలేదు, ఇప్పుడును దాని లోపలి చక్రమునకు రాదు. దానికి తెలుగు ఎంత అన్యమో ఇంగ్లీషును అంతే అన్యము. మనుష్యుని వ్రాతకును యంత్రపు గుఱుతులకును నడుమ ఒక దుబాసి నిలిచినప్పుడే ఈ విద్య సామాన్యులకు అందినది. ఆ దుబాసి పుట్టిన కథ తెలిసినయెడల, బిడ్డకు ముందు నేర్పవలసినదేమో చదువరులకే తేటపడునని మా నమ్మకము.

యంత్రము లోపల నున్నవి రెండే గుఱుతులు: సున్నయు, ఒకటియు. రెండు గుఱుతులతో ఏమి సాధ్యమగునని ఆశ్చర్యపడువారు తెలుగు వాచకము తెఱచి ఛందస్సు పాఠము చూడవచ్చును. అక్కడను రెండే గుఱుతులు: గురువు, లఘువు. మూడేసి అక్షరములు చేర్చినయెడల ఎనిమిది గణములు ఏర్పడును. తొమ్మిదవది ఏర్పడుటకు వీలు లేదు. భ ర న భ భ ర వ అను గణములు వరుసగా వచ్చి, పదవ అక్షరము యతిస్థానమైన యెడల ఉత్పలమాల యగును. పద్యమున చెప్పబడినది యుద్ధమో, ఉద్యానవనమో గణవిభజన చేయు బాలునికి తెలియనక్కఱలేదు. గుఱుతులు చూచి నియమము పాటించిన చాలును. యంత్రము చేయునదియు ఇట్టి పనియే. అది అర్థము నెఱుగదు. గుఱుతుల వరుసను చూచి, ఆ వరుసకు విధింపబడిన పని చేయును.

1954లో అమెరికా దేశపు ఐ.బి.యం. సంస్థవారు 704 అను పెద్ద యంత్రమును ప్రకటించిరి. గది నిండ నుండు ఆ యంత్రము భిన్నములతో కూడిన సంఖ్యలనుసైతము సెకనుకు 12,000 సార్లు కూడగల శక్తి గలది. దానిలో ఒక్కొక్క పదము 36 గుఱుతుల పొడవు. ఇంత వేగము గల యంత్రమునకు పని చెప్పుట మాత్రము నత్తనడకగా ఉండెను. ఫలాని గదిలోని సంఖ్యను తెమ్ము, దానికి మఱియొక గదిలోని సంఖ్యను కూడుము, వచ్చిన ఫలమును మూడవ గదిలో ఉంచుము, ఇట్లు అడుగడుగును విడదీసి, దాని సంకేతములలో వ్రాయవలసి యుండెను. మన బాలుడు ఒక్క పంక్తిలో వ్రాయు బీజగణిత సమీకరణము యంత్రమునకు చెప్పవలెనన్న పుటలు నిండెడివి. పుటలు నిండినచోట తప్పులును నిండును గదా. ఆ కాలమున ఒక గణనకేంద్రమున ప్రోగ్రాములు వ్రాయువారి జీతములు యంత్రపు ఖర్చుతో సమానముగా, లేదా అంతకు మించి యుండెడివి. యంత్రపు కాలములో నాలుగవ వంతునుండి సగము వఱకు ఆ వ్రాతలోని తప్పులు వెదకుటకే చెల్లెడిది. లెక్క చూచిన, యంత్రశాలపై పెట్టిన నాలుగు రూపాయలలో మూడు రూపాయలవఱకు వ్రాయుటకును దిద్దుటకునే పోయెడివి.

ఈ స్థితిని చూచి విసిగినవాడు జాన్ బాకస్ అను యువకుడు. 1924లో ఫిలడెల్ఫియాలో పుట్టెను. ఇతడు తరగతులకు సరిగా పోనందున వర్జీనియా విశ్వవిద్యాలయమునుండి పంపివేయబడినవాడు. (మన విద్యార్థులు ఈ భాగమును ఆదర్శముగా గైకొనవలదని మనవి, ఇతడు పిమ్మట కొలంబియాలో గణితము శ్రద్ధతో చదివెను.) ప్రోగ్రాములు వ్రాయు చాకిరి తనకు ఇష్టము లేకపోవుటయే తన కృషికి మూలమని ఇతడు తరువాతి కాలమున ఒప్పుకొనెను. సోమరితనము రెండు విధములని మేము తరగతిలో చెప్పుచుందుము. పనిని మానివేయు సోమరితనము ఒకటి. ఒకసారి గట్టిగా శ్రమించి, ఆ పని మఱల చేయనక్కఱలేకుండ చేయు సోమరితనము మఱియొకటి. బాకస్‌ది రెండవది. 1953 చివర ఇతడు తన పైవారికి ఒక విన్నపము వ్రాసెను. గణితశాస్త్రజ్ఞుడు తన సూత్రమును తనకు అలవాటైన తీరున వ్రాయును. దానిని యంత్రపు గుఱుతులలోనికి మార్చు చాకిరిని యంత్రమే చేయవలెను. అందుకు తగిన ప్రోగ్రామును మేము నిర్మింతుము. పైవారు సమ్మతించిరి.

ఆ భాష పేరు ఫోర్ట్రాన్. సూత్రానువాదము అను అర్థముగల రెండు ఇంగ్లీషు మాటల తలలను అతికించి ఆ పేరు పెట్టిరి. పేరులోనే అనువాదము ఉన్నదని చదువరులు గమనింపవలెను. ఆ అనువాదము చేయు దుబాసికి కంపైలరు అని పేరు. బాకస్‌తో పని చేసిన బృందము చిన్నది. స్ఫటికశాస్త్రము నెఱిగిన డేవిడ్ సేయర్ ఒకడు; అప్పుడే వాసార్ కళాశాలనుండి పట్టము పుచ్చుకొని వచ్చిన లోయిస్ హైబ్ట్ అను యువతి ఒకతె. ఎప్పుడు ముగియునని అడిగిన వారికెల్ల ఆఱు నెలలలో అని చెప్పుచు వచ్చిరి. ఆ ఆఱు నెలలు మూడేండ్లకు పైగా సాగినవి. ఒక్క మనిషియే చేసినయెడల 18 ఏండ్లు పట్టునంత పని అందులో ఇమిడి యున్నదని వారే లెక్క వేసిరి. చివరకు 1957 ఏప్రిలున కంపైలరు బయటికి వచ్చెను.

అంతకాలము పట్టుటకు కారణము ఇతరుల అపనమ్మకము. చేతితో వ్రాయుటలో ఆరితేరినవారు ఈ దుబాసిని లెక్కచేయలేదు. యంత్రము అనువదించిన వ్రాత మొద్దుగా నుండును, నెమ్మదిగా నడచును, మా చేతిపనికి సాటి రాదు అని వారు వాదించిరి. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అంతకు ముందు వచ్చిన ఇట్టి సాధనములు నిజముగా నెమ్మదిగా నడచినవి. తమ దుబాసి వ్రాసినది చేతి వ్రాతలో సగము వేగముతో నడచినను ఎవరును దానిని ముట్టరని బాకస్ భయపడెను. కావున బృందము తన బలములో అధికభాగమును అనువాదము చక్కగా నుండుటకే వినియోగించెను. భాష యెట్లుండవలెనను విషయమున వారు పెద్దగా తర్కింపలేదు. పని జరుగుచుండగా భాష దానంతట అదే రూపు దిద్దుకొనినది. ఈ భాగము మాకు మిక్కిలి ప్రియమైనది. ఈ దినములలో బోర్డులమీద భాషల పేర్లు చూచి ఏది మేలైన భాషయని వాదించుకొనువారు, ఈ భాషను కట్టినవారికి భాషకంటె అనువాదమే ముఖ్యమైనదని తెలిసికొనుట మంచిది.

ఫలమెట్టిదో ఒక ఉదాహరణముతో చెప్పెదము. ఇది బాకస్ బృందము 1957లో ప్రకటించిన వ్యాసమున ఉన్నది. ఒకడు ఒక్క దినము ఫోర్ట్రాన్ పాఠము వినెను. పిమ్మట తన లెక్కను నాలుగు గంటలలో 47 వాక్యములుగా వ్రాసెను. యంత్రము ఆఱు నిమిషములలో ఆ 47 వాక్యములను సుమారు 1,000 యంత్రాజ్ఞలుగా మార్చెను. నడిపి చూడగా జవాబు తప్పు వచ్చెను. అతడు జవాబును పరిశీలించి, తప్పు ఏ వాక్యములో నున్నదో కనుగొని, ఆ ఒక్క వాక్యమును తిరిగి వ్రాసి, మఱల అనువదింపజేసెను, జవాబు సరిపోయెను. చేతితో వ్రాసినయెడల మూడు దినములు పట్టియుండును, తప్పులు వెదకుటకు పట్టు కాలము వేఱు, అయినను వేగమున చెప్పదగిన లాభమేమియు ఉండదు అని అతని అంచనా. మొదటిసారి తప్పు వచ్చినదను మాటను వారు దాచక అచ్చు వేయించుట మెచ్చదగినది.

తప్పు మాట వచ్చినది గనుక మఱియొకటి చెప్పుదుము. పిట్స్‌బర్గు సమీపమున బెటిస్ అను ప్రయోగశాల కలదు. 1957 ఏప్రిలున అక్కడికి ఒక పెట్టె వచ్చెను. అందులో రంధ్రములు పొడిచిన అట్టలు ఉండెను. ఇది ఫలానాదని తెలుపు కాగితము ఒక్కటియు లేదు. ఇవి ఆ క్రొత్త కంపైలరువే కాబోలునని అక్కడివారు ఊహించి, యంత్రమునకు అందించి, తాము వ్రాసిన ప్రోగ్రామును దానివెంట పంపిరి. యంత్రము కొంతసేపు పని చేసి ఒక సందేశమును అచ్చు వేసెను. ఫలాని వాక్యమున కుడి కుండలీకరణము తరువాత ఉండవలసిన కామా లేదు అని దాని భావము. సందేశము సరియైనదే, కామా లేకపోవుటయు నిజమే. దుబాసి లోకములోనికి వచ్చి పరులతో పలికిన మొదటి మాటలలో ఒకటి వ్యాకరణ దోషమును ఎత్తిచూపుట! కాపీపుస్తకములు దిద్దు మాబోటివారికి ఇది కొంత ఊరట. కామా లేకపోయినంతమాత్రమున మార్కులు తగ్గించుట అన్యాయమని మాతో వాదించు ఎనిమిదవ తరగతి బాలురు ఈ కథను రెండు మారులు చదువవలెను.

ఇంతకును కంపైలరు చేయునది వ్యాకరణకార్యమే. మన పిల్లలకిది క్రొత్త కాదు. రాముడు, అతడు అను రెండు పదములను ప్రక్కప్రక్కన పెట్టి సంధి చేయుమనిన, ఆఱవ తరగతి బాలిక రాముడతడు అని వ్రాయును. రాముడెవరో, అతడెవరో ఆమె విచారింపదు. పూర్వపదము చివర ఉకారమున్నదా? ఉన్నది. పరపదము మొదట అచ్చు ఉన్నదా? ఉన్నది. అయిన ఉకారమును తొలగించి అచ్చును చేర్చుము. ఇది నియమము, ఇది స్థలము, ఇది ఫలము. ఈ పోలిక మా చమత్కారము కాదు. 1959లో బాకస్, అల్గాల్ అను మఱియొక భాష యొక్క వాక్యనియమములను వ్రాయుటకు ఒక సంకేతపద్ధతి కల్పించెను. డెన్మార్కు దేశీయుడు పీటర్ నవుర్ దానిని సంస్కరించెను. 1967లో ఇంగర్‌మన్ అను పండితుడు ఒక లేఖ ప్రకటించి, ఇట్టి పద్ధతి వేలకొలది సంవత్సరములకు పూర్వమే పాణిని సంస్కృత వ్యాకరణమున కనబడుచున్నదనియు, దానికి పాణిని పేరు చేర్చి పిలుచుట న్యాయమనియు సూచించెను. ఆ పేరు ప్రచారములోనికి రాలేదు. పేరు పోయిననేమి, పోలిక ఉన్నది.

ఇక ఇంగ్లీషు సంగతి. ఫోర్ట్రాన్‌లోని అధికభాగము బీజగణితమే. ఇంగ్లీషు మాటలతో పని చెప్పవలెనను తలంపును గట్టిగా పట్టుకొన్నది గ్రేస్ హాపర్ అను విదుషి. 1906లో జన్మించిన ఈమె మొదట వాసార్ కళాశాలలో గణితోపాధ్యాయిని. యుద్ధకాలమున నౌకాదళమున చేరి యంత్రముల చెంతకు వచ్చెను. బాకస్ కంటె ముందే, 1952లో, యూనివాక్ అను యంత్రమునకు ఒక విధమైన కంపైలరును కూర్చెను. లెక్కల గుమాస్తాలకు బీజగణితపు గుఱుతులు కిట్టవు, వారికి మాటలు కావలెను అని ఈమె వాదము. అందుకై మాటలతో వ్రాసిన ప్రోగ్రామును పైవారికి చూపెను. అదే ప్రోగ్రామును ఫ్రెంచి మాటలతోను, జర్మను మాటలతోను వ్రాసి చూపెను. యంత్రమునకు అన్నియు ఒకటే. మాట ఏదైనను అది ఒక గుఱుతుల వరుస, ఆ వరుసకు ఎదురుగా చేయవలసిన పని వ్రాసియున్న చాలును. ఇది చూచి పైవారు సంతోషింతురని ఆమె అనుకొనెను. వారు బెదరిపోయిరి! అమెరికాలో చేసిన యంత్రమునకు ఫ్రెంచియు, జర్మనును వచ్చుట ఎట్లు సాధ్యమని వారి ఆక్షేపణ. ఇంగ్లీషుతోనే పని చేయుదుమని వారికి నచ్చచెప్పుటకు నెలలు పట్టెనని ఆమె తరువాత ఒక సభలో చెప్పెను.

ఈ కథ తెలిసినవారు నవ్వుదురు. నవ్విన పిమ్మట ఒక్క క్షణము ఆలోచింపవలసినదిగా మా చదువరులను కోరుచున్నాము. ఆ పెద్దలు చేసిన పొరపాటునే మన యూరి తండ్రులును చేయుచున్నారు. యంత్రము అమెరికాలో పుట్టినది గనుక దానికి ఇంగ్లీషు సహజమని వారనుకొనిరి. వీరును అదే యనుకొనుచున్నారు. అల్గాల్ భాషను రూపొందించినవారు ఈ భ్రమలో పడలేదు. పుస్తకమున అచ్చగు రూపము వేఱు, యంత్రమునకు అందించు రూపము వేఱు, మూలరూపము వేఱు అని 1960 నాటి నివేదికలోనే వారు ఏర్పఱచిరి. 1968 నాటి అల్గాల్ నివేదిక రష్యను, జర్మను, ఫ్రెంచి, బల్గేరియను భాషలలోనికి అనువదింపబడెను. ఆ యా భాషల మాటలతోను యంత్రమునకు పని చెప్పుటకు వీలు కలిగెను. యంత్రము అలుగలేదు.

ఎన్ని ఇంగ్లీషు మాటలు వచ్చిన చాలునని అడిగినయెడల, మొట్టమొదటి ఫోర్ట్రాన్‌లో వాక్యములు 32 రకములు మాత్రమే యుండెను. పొమ్ము, చేయుము, ఇట్లయినచో, చదువుము, ఆగుము, ఇట్టివే. బడంగ్‌పేటలో బస్సెక్కి దిల్‌సుఖ్‌నగరులో దిగులోపల మన బాలుడు టికెట్టు, పాసు, స్టాపు, సిగ్నలు, ఫ్లైఓవరు, మెట్రో అనుచు అంతకంటె ఎక్కువ ఇంగ్లీషు మాటలు పలుకును. కావున మాటల కొఱత కాదు కొఱత. ఏ పని తరువాత ఏ పని చేయవలెనో, ఎప్పుడు ఆపవలెనో, ఎట్టి సందర్భమున దారి మార్చవలెనో తేటగా చెప్పుట రాకపోవుట కొఱత. అది ఏ భాషలో నేర్చిన బిడ్డకు బాగుగా వచ్చును? ఇంటిలో తల్లితో వాదించు భాషలోనే యని మా నిశ్చితాభిప్రాయము.

1956లో ఐ.బి.యం.వారు ప్రకటించిన ఫోర్ట్రాన్ గ్రంథమున మొదట చూపిన ఉదాహరణము ఏదియనగా, కొన్ని సంఖ్యలలో మిక్కిలి పెద్దదానిని కనుగొనుట. ఇది మన ప్రక్క ఊరివారికి బాగుగా తెలిసిన పని. బాలాపురమున వినాయకుని లడ్డు వేలము ప్రతి సంవత్సరము జరుగును. 1994లో మొదటి పాట 450 రూపాయలకు ముగిసెను. 2025లో 35 లక్షలకు పోయెను. వేలము నడపువాడు ఇంతవఱకు వచ్చిన పాటలన్నిటిని జ్ఞాపకముంచుకొనడు. ఇప్పటి పెద్ద పాట యను ఒక్క సంఖ్యనే మనస్సున ఉంచుకొనును. క్రొత్త పాట వచ్చినప్పుడు దానితో పోల్చును. పెద్దదైన పాతదానిని విడిచి దీనిని పట్టుకొనును. కాకున్న మార్పు లేదు. పాటలు ముగిసినప్పుడు మనస్సున మిగిలినదే జవాబు. ఫోర్ట్రాన్ గ్రంథములోని పద్ధతి యిదియే. మొదటి ఫోర్ట్రాన్‌లో పోల్చుటకు తీసివేత చేసెడివారు; ఫలము ఋణమైన ఒక దారి, సున్నయైన ఒక దారి, ధనమైన ఒక దారి. మూడు దారులు, మూడు బాటగుర్తులు.

మేము ఈ పాఠమును ఎనిమిదవ తరగతిలో యంత్రము లేకయే చేయించి చూచితిమి. ఒక బాలిక మెట్లను తెలుగులో నల్లబల్లమీద వ్రాయవలెను. ఒక బాలుడు యంత్రమై, వ్రాసినది వ్రాసినట్లు చేయవలెను, తన బుద్ధి నుపయోగింపరాదు. ఆ బాలిక, మొదట మనస్సున సున్న ఉంచుకొనుము అని వ్రాసినది. మార్కుల పట్టికతో జవాబు సరిగా వచ్చెను. అప్పుడు వెనుక బల్లనుండి మఱియొకడు లేచి, కిరాణాకొట్టులో వారమంతయు నష్టమే వచ్చినయెడల ఏమి చేయుదువు, ఏ దినమున తక్కువ నష్టమని అడిగినచో నీ యంత్రము సున్న అని చెప్పును గదా, ఆ కొట్టులో సున్న వచ్చిన దినమే లేదే యని అడిగెను. తరగతి మూగవోయినది. సున్నకు బదులు పట్టికలోని మొదటి సంఖ్యనే ఉంచుకొనుమని దిద్దుటకు పావుగంట పట్టినది. ఆ ప్రశ్న యడిగిన బాలుని ఇంగ్లీషు మార్కులు చెప్పుట మాకు భావ్యము కాదు; అవి గొప్పవి కావని మాత్రము సూచింపవచ్చును. ఆ ప్రశ్న ఇంగ్లీషులోనే అడుగవలెనను నియమమున్నయెడల అతడు లేచియే యుండడు.

ఇంత దూరదేశపు కథ చెప్పి మన సీమను మఱచుట న్యాయము కాదు. నగరపు బస్సుల నొసట ఇ.సి.ఐ.ఎల్. అను అక్షరములు చూడని బాలుడు మనలో లేడు. అది 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. దానికి పునాది వేసి నడపినవారు పశ్చిమ గోదావరి సీమలో మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు, ఎ.ఎస్.రావు నగరు వారి పేర వెలసినదే. ఐ.బి.యం. 704 వంటి మహాయంత్రములు కావుగాని, టి.డి.సి.12 మొదలైన చిన్న కంప్యూటరులను 1970ల మొదట ఈ సంస్థ చేసి అమ్మెను. దాని పదము పొడవు 12 గుఱుతులు. పరదేశపు యంత్రమును కొని తెచ్చుకొనుటే గతియని తలంచు దినములలో మన నగరమున ఈ పని జరిగినది.

చిత్తూరు సీమలో కాటూరు అను పల్లెలో 1937లో పుట్టిన డాక్టరు దబ్బల రాజగోపాల రెడ్డిగారి కథ ఈ విషయమునకు ఇంకను దగ్గఱ. ఆయన గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియాలో ఐ.బి.యం.లో కొంతకాలము పని చేసి, 1966లో స్టాన్‌ఫర్డున డాక్టరు పట్టము పొందెను. అక్కడ ఆయన గురువు జాన్ మెకార్థీ, లిస్ప్ అను ప్రాచీన కంప్యూటరు భాషను కల్పించినవాడు. శిష్యుడు పట్టుకొన్న పని, యంత్రమునకు మనుష్యుని నోటిమాటను వినిపించుట. బాకస్ యంత్రమును గణితసూత్రము దగ్గఱకు తెచ్చెను. హాపర్ వ్రాతమాట దగ్గఱకు తెచ్చెను. రాజ్ రెడ్డిగారు పలుకు దగ్గఱకు తెచ్చుటకు పూనుకొనిరి. 1994లో ఆయనకు ట్యూరింగ్ బహుమానము వచ్చెను. బాకస్‌కు 1977లో వచ్చినది అదియే. ఆయన పిమ్మట పల్లెల బాలబాలికలకొఱకు 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు కులపతిగా నుండిరి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ అను తావులలో దాని మొదటి విద్యాలయములు ఏర్పడెను. తెలుగు పల్లెనుండి వచ్చినవానికి ఈ విద్య దూరమని చెప్పువారు ఈ వరుసను ఒకమారు చూచుకొనవలెను.

మాపై రెండు ఆక్షేపణలు రాగలవు. ఇంగ్లీషు అక్కఱలేదని ఈ అయ్యవారు పిల్లలను పాడుచేయుచున్నాడని మొదటిది. మేమట్లు చెప్పలేదు. కంపైలరు తప్పు చూపినప్పుడు పలుకునది ఇంగ్లీషే. గ్రంథములు, ఉద్యోగములు, పెద్ద చదువులు ఇంగ్లీషుననే యున్నవి. తెలుగు మాటలతో వేఱొక కంప్యూటరు భాష కట్టుకొని గిరి గీసికొని కూర్చుండుటయు మాకు సమ్మతము కాదు. అట్టి భాషలో వ్రాసిన ప్రోగ్రామును ఇరుగుపొరుగు రాష్ట్రమువాడును చదువలేడు. ఇంగ్లీషు నేర్వవలసినదే, శ్రద్ధతో నేర్వవలసినదే. అది వచ్చువఱకు ఆలోచన ఆగి కూర్చుండవలెననుటనే మేము కాదనుచున్నాము.

రెండవది ఇటీవల పుట్టిన ఆక్షేపణ. ఇప్పుడు తెలుగులో అడిగినను ప్రోగ్రాము వ్రాసి యిచ్చు కృత్రిమమేధ వచ్చినది గదా, ఇక బిడ్డ ఏమి నేర్చుకొననేల అని కొందఱు తండ్రులు సంతోషముతోనే అడుగుచున్నారు. హాపర్ కోరినది నెఱవేఱినందుకు మాకును సంతోషమే. కాని ఆ క్రొత్త దుబాసికిని పాత దుబాసికిని ఒక భేదము కలదు. ఫోర్ట్రాన్ కంపైలరు కామా లేదని ఆగిపోయెను. తనకు తెలియనిదానిని ఊహింపలేదు. క్రొత్తది ఆగదు, నీవు చెప్పని చోట తానే ఊహించి పూరించును, ఆ ఊహ తప్పైనను నిండు ధైర్యముతో చెప్పును. కిరాణాకొట్టు నష్టముల పట్టికను దానికి ఇచ్చి, అది మొదట సున్న ఉంచుకొనినదో, మొదటి సంఖ్య ఉంచుకొనినదో ఎవడు చూడవలెను? వెనుక బల్లనుండి లేచిన మన బాలుడే చూడవలెను. అతనిని తయారు చేయు పని ఇంకను మనమీదనే ఉన్నది.

కావున పాఠశాలాధికారులకు మా సూచన యిది. ఆఱు మొదలు ఎనిమిది వఱకు గల తరగతులలో వారమునకు ఒక గంట, కంప్యూటరు గదిలో కాదు, మామూలు తరగతిలోనే, ఇట్టి మెట్ల వ్రాత తెలుగున చేయింపవలెను. ఒకరు వ్రాయుట, ఒకరు యంత్రమగుట, తక్కినవారు తప్పు పట్టుట. తొమ్మిదవ తరగతిలో అవే మెట్లను ఏదైన ఒక కంప్యూటరు భాషలోనికి అనువదింపవలెను. ఏ భాషయని మేము పట్టుపట్టము. సంధి పాఠము చెప్పు తెలుగు ఉపాధ్యాయుడును, గణితోపాధ్యాయుడును కలిసి ఈ గంట నడపినయెడల మఱింత మేలు. తల్లిదండ్రులు అంతవఱకు శిక్షణాలయముల రుసుములు కట్టక నిలిచినయెడల వారికి కొంత సొమ్ము మిగులును. పాఠ్యక్రమమున ఈ గంట ఎక్కడ దొరకునను చిక్కు ఒకటి కలదు. శనివారపు చివరి గంటను ఇచ్చుటకు మా సహోపాధ్యాయులు ఇద్దఱు ఇప్పటికే ఒప్పుకొనిరి, తక్కినవారితో మాటలాడుచున్నాము.